దుప్పటికి నాలుగు మూలలు

మేడ మీది గది,
సోమవారం మధ్యాహ్నం

పొడుగక్కా,

నేను ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోతావు. హోటల్ లాండ్రీలో ఇరవై రెండేళ్లు రోజూ ఎదురెదురుగా నిలబడ్డవాళ్లం. మనకు ఉత్తరాలతో పనేముంది? నువ్వు మీ తమ్ముడి ఇస్త్రీ షాపుకి వెళ్లిపోయిన ఈ ఏడాదిన్నరలోనూ ఆదివారం ఆదివారం ఫోను ఉండనే ఉంది. కానీ నా గొంతు వినగానే "ఏమైందే పొట్టీ?" అంటావు. నేను "ఏం లేదక్కా, జలుబు" అంటాను. పన్నెండు ఆదివారాలు అదే జలుబు చెప్పాను. అబద్ధమాడిన నోటితో ప్రార్థనకు కూర్చుంటే మనసు నిలవడం లేదు. అందుకే కలం పట్టాను. ఇంకో కారణం కూడా ఉంది, చివర రాస్తాను.

నా కుడిచేతి వాపు నీకు గుర్తుందిగా, మోచేతికి కాస్త కింద. అది పెరిగింది. చేత్తో గిన్నె ఎత్తనివ్వడం లేదు. పెద్దాసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరట. మూడు నెలలుగా మందు ఎక్కిస్తున్నారు. జుట్టంతా పోయింది. తలకు గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాను. అద్దంలో చూసుకుంటే పాల సీసా మూతలా ఉంటాను. ఇంత చేసినా గడ్డ తగ్గలేదు. మోచేతి పైనుంచి చెయ్యి తీసేయాలంటున్నారు. తీస్తే బతుకుతానట. తీయకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పాకుతుందట.

ఒప్పుకున్నానని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ కాగితం నా ప్రార్థన పుస్తకంలో ఉంది. తొమ్మిది రోజులైంది.

ఇక రెండో కారణం. సంతకం పెట్టాల్సింది ఈ చెయ్యే కదా అక్కా. తనను తీసేయమని తనే ఎలా రాస్తుంది? నువ్వు "పట్టు" అంటే వేడి వేడి దుప్పటి మూల పట్టిన చెయ్యి. నువ్వు "వదులు" అంటే మూల నీ చేతిలో పెట్టి, కింది మడత కోసం వంగిన చెయ్యి. ఉన్నన్నాళ్లయినా దానితో ఒక మంచి పని చేయిద్దామని నీకు రాయిస్తున్నాను.

ఏం చేయమంటావో చెప్పు.

నీ
పొట్టి


ఇస్త్రీ షాపు వెనక గది,
శుక్రవారం

ఒసే పొట్టీ,

నీ నోట్లో నాలుక లేదని ఇరవై రెండేళ్లు లాండ్రీ అంతా చెప్పుకుంది. పన్నెండు వారాలు అబద్ధం ఆడిన నాలుకను ఎక్కడ దాచావే ఇన్నాళ్లూ? నువ్వు ఎదురుగా ఉంటే నెత్తిన ఒకటి మొట్టేదాన్ని. జుట్టు కూడా లేదంటున్నావు, బాగా తగిలేది.

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. షాపులో ఇస్త్రీ పెట్టె ఒక చొక్కా మీద వదిలేసి చదివాను. ఆ చొక్కా ఎవరిదో గాని వాడికిప్పుడు వీపు మీద త్రికోణం ఉంది. తమ్ముడు అరిచాడు. అరవనీ.

సంతకం పెట్టు. ఇందులో ఆలోచించడానికేముంది? చెయ్యి లేకపోతే మనిషి ఉంటుంది, మనిషి లేకపోతే చెయ్యి దేనికి? ఎడమచేత్తో తిను, ఎడమచేత్తో తల తుడుచుకో. నీకెన్ని చేతులున్నాయని నీ దేవుడు చూస్తాడా?

నేను రావాలనే ఉంది. కానీ తమ్ముడికి నడుము పట్టేసింది, బట్టల మూటలు ఒక్కడూ దింపలేడు. ఈ నెలంతా కుదిరేలా లేదు. లాండ్రీలో మన వాళ్లకు చెప్పు, వస్తారు. అద్దాల పిల్లకి చెప్పు, దుప్పటికి దాని ఎదురు నిలబడే జతకి చెప్పు.

వేళకి తిను. సంతకం పెట్టి రాయి.

నీ పొడుగక్క


ఆసుపత్రి, మందు ఎక్కించే హాలు,
బుధవారం

అక్కా,

ఎడమచేతికి సూది పెట్టారు, కుడిచేత్తో రాస్తున్నాను. ఈ హాల్లో పద్నాలుగు కుర్చీలు. ప్రతి కుర్చీ పక్కన ఒక స్టూలు ఉంటుంది, వెంట వచ్చినవాళ్ల కోసం. నా స్టూలు మీద నా సంచి కూర్చుంటుంది. నర్సమ్మ ప్రతిసారీ "ఎవరూ రాలేదా అమ్మా?" అంటుంది. "వస్తున్నారమ్మా" అంటాను. ఇదీ అబద్ధమే. లెక్క పెరుగుతోంది.

అన్యాయంగా రాశాను. మన వాళ్లు వస్తున్నారు. అద్దాల పిల్లా దాని జతా నిన్న సాయంత్రం ఇంటికి వచ్చారు. మొన్న వేరే జత. ఒక్కరే ఎవరూ రారు. ఒకరు సెలవు పెడితే జతలో మిగిలినదాన్ని నానిన దుప్పట్లు మోసే తడి గదిలోకి తోస్తారుగా, అందుకే జతగా సెలవు పెట్టి జతగా వస్తారు. రెండు పళ్లు, రెండు స్టూళ్లు, రెండు ఏడుపులు. వెళ్లేటప్పుడు ఇద్దరూ ఒకేసారి లేస్తారు. వాళ్లు గుమ్మం దాటాక గది మరీ పెద్దదైపోతుంది.

కొత్త డాక్టరుగారు వచ్చారు, చెయ్యి తీసేది ఆయనే. వయసులో మన సూపర్‌వైజరంత ఉంటారు గాని మాట మెత్తన. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చూశారు. "ఇది ఎన్నాళ్లనుంచి ఉందమ్మా?" అని అడిగారు. ఆరు నెలలని చెప్పాను. రాసుకున్నారు.

కాగితం ఇంకా పుస్తకంలోనే ఉంది. పొద్దున ప్రార్థనలో రెండు చేతులూ జోడించినప్పుడు కుడిచెయ్యి ఎడమచేతి కంటే వెచ్చగా ఉంటుంది, జ్వరం తగిలినట్టు. రేపు ఎడమచెయ్యి దేనికి ఆనుకుని నిలబడుతుంది అనిపిస్తుంది. దేవుడు చూడడులే అన్నావు. ఆయన చూడకపోవచ్చు, నేను చూస్తానుగా.

నెలాఖరు లోపు సంతకం పెట్టకపోతే ఆపరేషన్ తేదీ పోతుందట. ఇరవై రెండేళ్లలో నిన్ను ఏమీ అడగలేదక్కా. ఇప్పుడడుగుతున్నాను. నువ్వొచ్చి పక్కన నిలబడు. "పట్టు" అను. కలం పడతాను.

పొట్టి


ఇస్త్రీ షాపు,
శనివారం

పొట్టీ,

ఆరు నెలలా?

ఎవరిని కాపాడదామని డాక్టరుకు ఆరు నెలలని చెప్పావే? రెండేళ్లు. నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నువ్వు ఆ మాట ఎత్తవని తెలిసి నేనూ ఎత్తకుండా ఊరుకున్నాను. మొదటి ఉత్తరంలో "వాపు గుర్తుందిగా" అన్నావు. గుర్తుందని కూడా రాయలేదు నేను. ఇప్పుడు రాస్తాను, విను.

హోటల్ గదులన్నీ నిండిన రోజులు. రోలరు ఇస్త్రీలోంచి దుప్పట్లు ఆగకుండా వస్తున్నాయి. నువ్వు చెయ్యి చాచి "అక్కా, ఇదేదో గట్టిగా ఉంది, రేపు సెలవు పెట్టి డాక్టరుకు చూపిస్తాను" అన్నావు. నేను నొక్కి చూశాను. "రోలరు వాపే, లాండ్రీలో ఎవరికి రాలేదు? నాకూ వచ్చింది, పోయింది" అన్నాను. చిరిగిన దుప్పటి నుంచి పేలిక చింపి, వేడి ఉప్పునీళ్లలో ముంచి నేనే కట్టాను. మన వాళ్లందరూ అదే కడతారు. కాబట్టి తెలియక కట్టానని చెప్పుకోవచ్చు.

తెలియక కాదు. రోలరు వాపు మెత్తగా ఉంటుంది, నొక్కితే గుంట పడుతుంది. నీది గుంట పడలేదు. గులకరాయిలా ఉంది. నా బొటనవేలికి తెలిసింది.

నువ్వు సెలవు పెడితే జత లేక నన్ను తడి గదిలోకి పంపేవాళ్లు. ఆ నెల నా నడుము ఎలా ఉండేదో నీకు తెలుసు. నానిన దుప్పట్ల బుట్ట ఎత్తితే మళ్లీ లేవలేనని భయం. ఒక్క వారం గడవనీ అనుకున్నాను. వారం తర్వాత నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు. నాలుగు నెలలు ప్రతి సోమవారం కొత్త పేలిక కట్టాను. తర్వాత మూట సర్దుకుని ఇక్కడికి వచ్చేశాను.

తమ్ముడి నడుము బాగానే ఉంది. నేను రానిది అందుకు కాదు.

డాక్టరుకు నిజం చెప్పు. రెండేళ్లని చెప్పు. తెలివితక్కువ మనిషి ఒకత్తి పేలిక కట్టి ఆపిందని కూడా చెప్పు. ఆయన రాసుకోవాల్సిందే.

ఇంతే.


మేడ మీది గది,
ఆదివారం

అక్కా,

ఆయనకు చెప్పాను. రెండేళ్లు అనగానే ఆయన కలం ఆగింది. "ఇన్నాళ్లెందుకు ఊరుకున్నారమ్మా?" అన్నారు. "పనిలో పడి మరిచిపోయానండీ" అన్నాను. నీ మాట ఎత్తలేదు. అయితే రెండేళ్లయితే లెక్క వేరట. ఛాతీని మళ్లీ ఫొటో తీయించాలన్నారు, ఈసారి పెద్ద మిషన్‌లో. నాలుగు రోజులు ఆ ఫలితం కోసం కూర్చున్నాను. ఏమీ లేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఒకవేళ అక్కడ ఏదైనా ఉన్నా, నేను ఆరు నెలలని చెప్పిన మాట వల్ల ఎవరూ వెతికేవాళ్లు కారు. నీ ఉత్తరం ఆ మేలు చేసింది.

ఇప్పుడు నా మాట. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ప్రార్థన చేయలేదు. నాకు కోపం రాదనుకుంటారు అందరూ. వచ్చింది. గిన్నెల స్టాండు మీది పళ్లెం ఎడమచేత్తో విసిరేశాను. కింద అద్దెకున్న పెద్దాయన పైకొచ్చి "పిల్లి ఏమైనా దూరిందా అమ్మా?" అని అడిగాడు. "అవునండీ, నల్లది, పొడుగ్గా ఉంది" అన్నాను.

నీ బొటనవేలికి తెలిసింది అన్నావు. నాకూ తెలుసక్కా. చెయ్యి నాది కదా. నువ్వు రోలరు వాపే అన్నప్పుడు నాకు ఎంత నిశ్చింత కలిగిందో! డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఉండడానికి నాకొక మాట కావలసి వచ్చింది, అది నువ్విచ్చావు. నువ్వు వెళ్లిపోయాక ఏడాది పైన ఆ పేలిక ఎవరు కట్టుకున్నారు? నేనే, పళ్లతో ముడి బిగించి.

అలాగని సగం సగం పంచుకుందాం అనడం లేదు. నిన్ను క్షమించానని రాయడం తేలిక. ఉత్తరంలో ఏదైనా తేలికే. ఇంకా క్షమించలేదు. అది నా చేతిలో లేదు, ఇవ్వమని దేవుణ్ణి అడుగుతున్నాను.

సంతకం నిన్న పెట్టాను. ఎవరూ పక్కన లేరు. నేనే "పట్టు" అనుకున్నాను. అక్షరాలు వంకర పోలేదు. బడిలో పంతులమ్మ మెచ్చుకున్న దస్తూరీ, చివరిదాకా పరువు నిలుపుకుంది.

గురువారం పొద్దున ఆపరేషన్. ఈ చెయ్యి రాస్తున్న ఆఖరి ఉత్తరం ఇదే. ఇంకా ఏదో రాయించాలని ఉంది, ఏమీ తోచడం లేదు. కాగితం నిండిందక్కా.

పొట్టి


ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం,
మంగళవారం

పొడుగక్కకు,

నేను క్షేమం. ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు ఆరుతున్నాయి. భోజనం బాగానే ఉంది. నా కోసం దిగులు పడవద్దు. పక్క మంచం టీచరమ్మ దయతో ఈ ఉత్తరం రాసిపెడుతున్నారు. దేవుడు మనందరినీ చల్లగా చూడాలి.

ఇట్లు
పొట్టి

అమ్మా, పై భాగం ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. కింద రాసేది నాది. ముప్పై ఏళ్లు పిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని, ఇందులో ఎన్ని తప్పులున్నాయో చెప్పకుండా ఉండలేను. భోజనం బాగానే ఉంది అన్నారు, ఆ పళ్లెం నిండుగా వస్తుంది, నిండుగా వెళ్తుంది. దిగులు పడవద్దు అన్నారు, పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటారు. మీ లాండ్రీ ఆడవాళ్లు జతలు జతలుగా వచ్చినప్పుడు మాత్రం లేచి నవ్వుతారు. వాళ్లు వెళ్లగానే మళ్లీ గోడ.

ఇంకొకటి. తీసేసిన చెయ్యి ఇంకా ఉన్నట్టే నొప్పి పెడుతోందట. ఆ పిడికిలి బిగుసుకుని ఉందట, కాలే గుడ్డ మూల పట్టుకున్నట్టు. ఎంత ప్రయత్నించినా వేళ్లు తెరుచుకోవడం లేదట. డాక్టర్లు మందు ఇస్తున్నారు. ఆ గుడ్డ మూల ఏమిటో నాకు అర్థం కాలేదు, మీకు అర్థమవుతుందేమో.

చివరగా ఒక ప్రశ్న. మొన్న శనివారం మధ్యాహ్నం ఒక పొడుగాటి మనిషి తలుపు అద్దంలోంచి చాలాసేపు చూసి, బత్తాయిల సంచి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయింది. ఈవిడ అప్పుడు నిద్రలో ఉన్నారు. పళ్లు నేను తెచ్చుకున్నవని చెప్పి సగం నేనే తిన్నాను. ఆ మనిషి మీరేనా?


ఇస్త్రీ షాపు వెనక గది,
శుక్రవారం

పొట్టీ,

నేనే.

టీచరమ్మ నీకు చెప్పలేదట. నేను చెబుతున్నాను, ఇంకో అబద్ధం మోయడానికి నా నడుములో బలం లేదు. మెట్ల మీద ఒక గంట కూర్చున్నాను. ఊడ్చే ఆవిడ రెండుసార్లు కాళ్లు తీయమంది. ధైర్యం తెచ్చుకుని పైకి వచ్చి అద్దంలోంచి చూశాను. నువ్వు వెల్లకిలా పడుకుని ఉన్నావు. దుప్పటి ఎడమవైపు ఎత్తుగా ఉంది, కుడివైపు చదునుగా ఉంది. ఇన్నేళ్లు దుప్పట్లు చూసినదాన్ని, అంత చదునుగా పరిచిన దుప్పటి నేనెప్పుడూ చూడలేదే. కాళ్లు వెనక్కి తిరిగాయి. నేను తిప్పలేదు, అవే తిరిగాయి.

చెయ్యి పోయినదానివి నువ్వు, పారిపోయినదాన్ని నేను. సిగ్గుండాలి నాకు.

క్షమించమని అడగను. ఆ మాట నీ దేవుడి దగ్గర పెట్టావుగా, అక్కడే ఉండనీ. కానీ ఆ పిడికిలి సంగతి నాకు అర్థమైంది. టీచరమ్మకే కాదు, ఏ డాక్టరుకూ అర్థం కాదది. నిన్ను ఇంటికి పంపాక వచ్చే ఆదివారం బస్సు ఎక్కుతున్నాను. తలుపు గడియ పెట్టుకుంటే పెట్టుకో. మెట్ల మీద కూర్చోవడం నాకు అలవాటయింది.

పొడుగు


మేడ మీది గది

అక్కా,

ఇది ఎడమచెయ్యి. రోజుకు నాలుగు వరుసలు రాస్తుంది, తర్వాత అలుగుతుంది. ఈ ఉత్తరానికి పదకొండు రోజులు పట్టింది. కోడి గీతలని నవ్వుకో.

నువ్వు వచ్చి వెళ్లి నెలయింది. ఇంకో రెండు విడతల మందు ఉంది. మన వాళ్లు వంతులు వేసుకున్నారు. హాల్లో నా స్టూలు ఖాళీగా ఉండడం లేదు, ఒక్కోసారి జత వచ్చి ఒకే స్టూలు మీద ఇద్దరూ కూర్చుంటున్నారు. వచ్చిన ప్రతి జతనూ చేతులు చాపమంటాను. ఒక్కొక్కటీ నొక్కి చూస్తాను, గుంట పడుతుందా అని. అద్దాల పిల్లకి పడలేదు. ఏడ్చి గోల చేసింది, అయినా డాక్టరు దగ్గరికి పంపాను. ఉత్త కొవ్వు గడ్డట. ఇప్పుడు ఆ రెండు రోజుల భయానికి నన్ను తిడుతోంది. తిట్టనీ.

అయినా మనుషులు వెళ్లాక ఈ గదిలో చప్పుడుండదు. ఒక్క చెయ్యి చప్పుడు చేయదు. ప్రార్థనలో ఎడమ అరచెయ్యి గుండె మీద పెట్టుకుంటున్నాను. అక్కడ ఏదో కొట్టుకుంటూ ఉంది, దానికి ఆనుకుని నిలబడుతోంది.

ఆ ఆదివారం గురించి మనం మళ్లీ మాట్లాడుకోలేదు. ఒక్కసారి రాసుకుంటాను. నువ్వు లోపలికి వచ్చి నా ముఖం చూడలేదు, ఉన్న చేతినీ చూడలేదు, లేని చేతినీ చూడలేదు. తీగ మీద ఆరిన దుప్పటి లాగి, ఒక కొస నా వైపు విసిరి "పట్టు" అన్నావు. "దుప్పటికి నాలుగు మూలలక్కా, మనకు మూడే చేతులు" అన్నాను. "పళ్లున్నాయిగా, పేలిక ముడి బిగించిన పళ్లు" అన్నావు. ఒక మూల చేత్తో, ఒక మూల పళ్లతో పట్టాను. నువ్వు వెనక్కి నడిచి లాగావు. ఎదురొచ్చావు. మూలలు కలిశాయి. ఎప్పటిలాగే పైనుంచి నా మూలలు అందుకుని, ఎప్పటి గొంతుతోనే, "వదులు" అన్నావు.

చెయ్యి వదిలింది. నోరు వదిలింది. మూడోది కూడా వదిలిందక్కా. మూడు వారాలుగా బిగుసుకున్న వేళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గాలి తగిలినట్టు అరచెయ్యి చల్లబడింది. నీకు చెప్పలేదు. నేను ఏడుస్తున్నది ఎందుకో నువ్వు ఇంకోలా అనుకుని ఉంటావు, అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

అరగంట ఉంది. తర్వాత మళ్లీ బిగుసుకుంది. ఇప్పుడూ రోజూ బిగుస్తుంది. అప్పుడు ఈ గదిలో ఒక్కదాన్నే నీ గొంతు తెచ్చుకుని "వదులు" అంటాను. ఒక్కోసారి వింటుంది. ఎక్కువసార్లు వినదు. అది నీ మాటకే అలవాటుపడింది.

నువ్వు క్షమించావా అని అడగలేదు, మంచి పని చేశావు. అడిగితే అవునని చెప్పలేకపోయేదాన్ని. కాదని కూడా చెప్పలేకపోయేదాన్ని. ఆ రోజు ఆ దుప్పటి మడత విప్పకుండా అలమరలో పైన పెట్టాను. నీకు అంతవరకు చెబితే చాలనుకుంటాను.

ఒక్క కోరిక. నా మొదటి మూడు ఉత్తరాలూ దాచు. ఆ చేతివి అంటూ ఈ లోకంలో మిగిలినవి అవే. మిగతాది ఏం చేశారో నేను ఆసుపత్రిలో అడగలేదు. నీ ఉత్తరాలు నేను దాస్తాను, ఆ శనివారం నాటిది కూడా. ఎవరికీ చూపించకు, మీ తమ్ముడికి కూడా. చూసినవాళ్లు నా దస్తూరీ బాగుందంటారు, నీ తప్పు పెద్దదంటారు. ఆ రెండూ మన ఇద్దరివే, మూడో మనిషి పట్టుకోవడానికి అందులో మూలల్లేవు.

వచ్చే నెల మొదటి ఆదివారం దుప్పట్లు ఉతుకుతాను.

పొట్టి